అమ్మ ఉంది, కుక్క ఉంది, టీవీ ఉంది

నా జపనీస్ నోట్‌బుక్‌లో మొదటి ఎర్ర గీత మా అమ్మ మీద పడింది.

హైదరాబాద్‌లో కోచింగ్‌లో చేరి అప్పటికి మూడు వారాలు. మీ ఇంట్లో ఎవరెవరున్నారో, ఏమేమున్నాయో నాలుగు వాక్యాలు రాయమన్నారు మా సెన్సేయ్, అంటే టీచరుగారు. ‘ఉండడానికి’ జపనీస్‌లో రెండు క్రియలున్నాయని అంతకు ముందురోజే చెప్పారు. ఒకటి ఇమస్, రెండోది అరిమస్. నేను తెలుగులో అనుకున్నాను: నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, కుక్క ఉంది, టీవీ ఉంది. ‘ఉన్నాడు’ అయితే ఇమస్, ‘ఉంది’ అయితే అరిమస్ అని నాకు నేనే ఒక లెక్క వేసుకుని రాసేశాను. చిచి గ ఇమస్. హహ గ అరిమస్. ఇను గ అరిమస్. తెరెబి గ అరిమస్.

నాన్న, టీవీ కరెక్ట్. అమ్మ, కుక్క తప్పు.

“అరిమస్ అనేది ప్రాణం లేని వస్తువుకమ్మా. మీ అమ్మని తీసుకెళ్ళి టీవీ పక్కన సామానులా పెట్టేశావు” అన్నారు సెన్సేయ్. ఆవిడది విజయవాడ. ఏళ్ళ తరబడి తెలుగు పిల్లల నోట్‌బుక్కులు దిద్దిన మనిషి. “ప్రతి బ్యాచ్‌లో ఇదే తప్పు వస్తుంది, అదీ మన తెలుగువాళ్ళ నుంచే వస్తుంది” అన్నారు. ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది.

ఆ రాత్రి హాస్టల్లో పడుకుని ఆలోచిస్తే తొమ్మిదో, పదో తరగతి తెలుగు వ్యాకరణం గుర్తొచ్చింది. మహద్వాచకాలు, అమహద్వాచకాలు. మగవాళ్ళు, మగ దేవుళ్ళు మహత్తులు. పశువులు, చెట్లు, వస్తువులు అమహత్తులు. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి మన భాష ఒక విచిత్రం చేస్తుంది. ఒక్కరే ఉంటే అమహత్తుల వరసలో నిలబెడుతుంది: అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. ఇద్దరు ముగ్గురు కలిస్తే మహత్తుల్లోకి చేరుస్తుంది: అమ్మావాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి. గౌరవానికి ‘అమ్మగారు వచ్చారు’ అన్నామంటే ఆ బహువచనం కిందికి తీసుకెళ్ళి అన్నట్టే. ఇరవై నాలుగేళ్ళుగా రోజంతా మాట్లాడుతున్న భాషలో ఈ గీత ఉందని నాకు తెలియదు. జపనీస్ గీత ఇంకోచోట ఉంది కాబట్టి, దాన్ని తట్టుకుని పడితే నా గీత కనబడింది.

నేను జి.ఎన్.ఎమ్. నర్సింగ్ కోర్సు చేశాను. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్ళు పని. జపాన్ 2019 ఏప్రిల్‌లో ‘తొకుతెయ్ గినో’ అనే వీసా మొదలుపెట్టింది, అంటే నిర్దిష్ట నైపుణ్యం ఉన్న పనివాళ్ళకి ఇచ్చేది. 2021 జనవరిలో మన దేశంతో దాని మీద ఒప్పందం కుదిరింది. వృద్ధుల సంరక్షణ, వాళ్ళ మాటల్లో ‘కైగో’, అందులో ఒక రంగం. భాష పరీక్ష ఒకటి, కైగో పని గురించి ఒకటి, కైగోలో వాడే జపనీస్ గురించి ఇంకొకటి. మూడూ పాసవ్వాలి. చాలామంది ఈ పరీక్షల సంగతులు రాశారు కాబట్టి నేను రాయను. నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఈ ఇమస్, అరిమస్‌లే.

మా పుస్తకంలో వివరణలు ఇంగ్లీషులో ఉండేవి. ఇంగ్లీషు ఈ విషయంలో ఏ సాయమూ చేయదు. మనిషికీ ‘దేర్ ఈజ్’, పుస్తకానికీ ‘దేర్ ఈజ్’. దాని గీత వేరేచోట ఉంటుంది, ‘హి, షి’ ఒకవైపు, ‘ఇట్’ ఒకవైపు. ‘హూ’ ఒకవైపు, ‘విచ్’ ఒకవైపు. పుస్తకంలో ‘లివింగ్ థింగ్స్‌కి ఇమస్, నాన్ లివింగ్ థింగ్స్‌కి అరిమస్’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఇంటర్‌లో బైపీసీ చదివినదాన్ని. చెట్టు లివింగ్ థింగ్ కాదని ఎలా అనుకుంటాను? ‘తోటలో చెట్టు ఉంది’కి ‘నివ ని కి గ ఇమస్’ అని రాశాను. రెండో ఎర్ర గీత.

అప్పుడు సెన్సేయ్ బోర్డు మీద ఒక చేప బొమ్మ గీశారు. “ఇది అక్వేరియంలో ఉంటే ఇమస్. చేపల కొట్లో ఐసు మీద ఉంటే అరిమస్. చెట్టుకి ప్రాణముంది, కానీ లేచి రాదు కదా, అందుకని అరిమస్. దయ్యానికి ప్రాణం లేదు, కానీ అది వస్తుంది, అందుకని ఇమస్.” తర్వాత టాక్సీ సంగతి చెప్పారు. షెడ్డులో ఊరికే పెట్టిన టాక్సీ అయితే అరిమస్సే. డ్రైవరు లోపల కూర్చుని స్టాండులో బేరం కోసం చూస్తుంటే ‘టాక్సీ గ ఇమస్’ అనడం కూడా వినిపిస్తుందట. తనంతట తాను కదిలేదిగా మనకు అనిపిస్తోందా లేదా, అదీ లెక్క. ఇమస్‌కి మామూలు రూపం ఇరు. ఈ ఇరు అనే క్రియకి పూర్వం కూర్చోవడం అని అర్థమట. వచ్చి కూర్చోగలిగింది, లేచి వెళ్ళగలిగింది అని గుర్తుపెట్టుకున్నాను. అక్కణ్ణుంచి నాకు తప్పులు తగ్గాయి.

లెక్కపెట్టడం దగ్గర మాత్రం మనకి సగం దారి ముందే వేసి ఉంది. ఇంగ్లీషులో త్రీ గర్ల్స్, త్రీ డాగ్స్, త్రీ చెయిర్స్, అన్నిటికీ ఒకటే త్రీ. మనకి ముగ్గురు అమ్మాయిలు, మూడు కుక్కలు. మనుషుల అంకెలు వేరు. జపనీస్‌లోనూ హితొరి, ఫుతరి, సన్నిన్ మనుషులకే. చిత్రమేమిటంటే, ‘ఉంది’లో అమ్మని వస్తువుల వైపు పంపిన తెలుగే, లెక్కకి వచ్చేసరికి ఆడా మగా తేడా లేకుండా ‘ఇద్దరు’ అంటుంది. ‘రాధ వాళ్ళు వచ్చారు’ అంటే రాధా, ఆవిడతో ఉన్నవాళ్ళూ కదా. జపనీస్‌లో ‘తనకసాన్‌తాచి’ అన్నా అదే, తనకగారూ వాళ్ళూ అని. ఈ మాటని ఇంగ్లీషులో చెప్పాలంటే ఎంత తిప్పలు పడాలో.

మనుషుల్ని దాటితే ఇక మన సాయం అయిపోతుంది. అంకె వెనక తగిలించే మాట మారిపోతూ ఉంటుంది: చిన్న జంతువులకి ‘హికి’, గేదెల్లాంటి పెద్దవాటికి ‘తో’, పక్షులకి ‘వ’. కుందేలుకి కూడా పక్షుల లెక్కే. నేను రాసి రాసి నేర్చుకున్నాను గానీ, ఇది నిజంగా కంటికి కనబడింది ఇక్కడికొచ్చాకే.

నాకు ఉద్యోగం వచ్చింది వకయమ ప్రిఫెక్చర్‌లో, మన రాష్ట్రం లాంటిది. ఒసాకాకి దక్షిణంగా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కీ ద్వీపకల్పం, దాని దక్షిణపు కొసకి దగ్గరగా ఒక చిన్న ఊళ్ళో వృద్ధుల హోమ్. దగ్గర్లోనే కత్సుఉర రేవు, పచ్చి ట్యూనా చేపలకి పేరు మోసింది. ఒక సెలవు రోజు మా సీనియర్ తెల్లవారుజామునే నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. తడి గచ్చు మీద ట్యూనాలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి, ఒక్కొక్కటీ మనిషంత. నేను ఉత్సాహంగా ‘ఇప్పికి, నిహికి’ అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆవిడ ఆపింది. సముద్రంలో ఈదుతున్నంతసేపూ హికి. రేవులో దింపాక హొన్, అంటే పెన్సిలు, సీసా, దుంగ లెక్కపెట్టినట్టు. కోసి పెద్ద ముక్క చేస్తే ఇంకో లెక్క, దాన్ని పలకలా కోస్తే ‘సకు’, పళ్ళెంలోకి ముక్కలుగా వస్తే ‘కిరె’, సూషీ మీదికెక్కితే ‘కన్’. ఒక్క చేప ప్రాణంతో ఉన్నప్పటి నుంచి పళ్ళెంలోకి వచ్చేదాకా ఎన్ని మజిలీలు దాటిందో అంకె వింటే తెలిసిపోతుంది. మా ఇంటి దగ్గర చేపలామె తొట్టిలో ఎగిరిపడుతున్న కొరమీనునీ, పక్కన ఐసులో ఉన్న పండుగప్పనీ ఒకే గొంతుతో ‘ఉన్నాయమ్మా’ అంటుంది. కొరమీను బతికుందని చెప్పాలంటే ‘బతికినవి’ అని విడిగా చెప్పాల్సిందే.

హోమ్‌లో నాకు అప్పజెప్పిన వాళ్ళలో 203 గది బామ్మగారు ఉండేవారు. తొంభై దాటిన మనిషి. వయసులో ఉండగా బట్టలు కుట్టి పిల్లల్ని పెంచారట. మతిమరుపు జబ్బు. కానీ చేతులు మాత్రం దుప్పటి అంచుని ఎప్పుడూ మడిచి కుట్టినట్టు సర్దుతూనే ఉండేవి. జేబులోంచి మిఠాయి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టి ‘అమెచాన్’ అనేవారు. ‘చాన్’ అంటే చిన్నపిల్లల పేరు చివర ముద్దుగా పెట్టేది. ఈ పక్క ఆడవాళ్ళు మిఠాయి బిళ్ళని కూడా పిల్లలా పిలుస్తారు. ఆకాశంలో ఉన్నదాన్ని మామ అని పిలిచి పెరిగినదాన్ని కాబట్టి నాకది వెంటనే నచ్చేసింది.

రెండో రోజో మూడో రోజో బామ్మగారు తలుపు వైపు చూస్తూ అడిగారు: “సెన్సేయ్ అరుకా?” డాక్టరుగారు ఉన్నారా అని. అరు, అంటే అరిమస్‌కి మామూలు రూపం! నేను విన్నది తప్పేమో అనుకున్నాను. కాసేపటికి కారిడార్లోకి తొంగిచూసి “దరెమొ నయ్” అన్నారు. ఎవరూ లేరు అని. ‘నయ్’ వస్తువులు లేనప్పుడు అనే మాట. మనుషులు లేకపోతే ‘ఇనయ్’ అనాలి. నా ఎర్ర గీత మొత్తం కళ్ళముందు కదిలింది. మతిమరుపు వల్ల వ్యాకరణం కూడా పోతోందేమోనని బెంగపడి మా సీనియర్‌కి చెప్పాను. రిపోర్టులో రాయాలా అని కూడా అడిగాను.

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. అది జబ్బు కాదు, ఇక్కడి మాట. వకయమలో పెద్దవాళ్ళు మనుషులకీ అరు అనే అంటారు. చుట్టుపక్కల కన్సాయ్ ప్రాంతంలో మనుషులకి ఎక్కువగా ‘ఒరు’ అంటారు, తోక్యోలో ‘ఇరు’ అంటారు, ఇక్కడ మాత్రం పాత వాడుక మిగిలిపోయింది. అంటే నేను హైదరాబాద్‌లో ‘హహ గ అరిమస్’ అని రాసి తిట్లు తిన్న వాక్యాన్ని, బామ్మగారు పుట్టినప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. ఎవరూ ఆవిణ్ణి వాళ్ళమ్మని వస్తువు చేశావని అనలేదు. నాకు ఆ రోజు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. పరీక్షకి నేర్చుకున్నది వదలలేదు గానీ, ఆవిడ ‘అరుకా’ అంటే ‘అరిమస్’ అని జవాబు చెప్పడం మొదలుపెట్టాను.

పాత వాడుక అన్నది ఉత్తమాట కాదని మా సీనియర్ కూతురి పుస్తకంలో చూశాను. ఆ అమ్మాయి హైస్కూలు రెండో ఏడు. వారానికోసారి వాళ్ళింటికి వెళ్ళి తనకి ఇంగ్లీషులో సాయం చేసేదాన్ని, తను నాకు కంజీ అక్షరాలు నేర్పేది. తన ప్రాచీన సాహిత్యం పాఠంలో ‘ఇసె మొనొగతరి’ ఉంది, వెయ్యేళ్ళ పైబడ్డ కథల సంపుటి. అందులో చాలా కథలు ‘ముకషి, ఒతొకొ అరికెరి’ అని మొదలవుతాయి. అనగనగా ఒక మగవాడు ఉండేవాడు. మనిషికి అరి. వెయ్యేళ్ళ కిందటి పుస్తకం కూడా 203 బామ్మగారిలాగే మాట్లాడిందన్నమాట.

ఆ అమ్మాయికి ఇంగ్లీషులో కష్టమైనది ‘ముసెయ్‌బుత్సు షుగొ’. ప్రాణం లేనిది కర్తగా ఉండే వాక్యాలు అని అర్థం. జపాన్ బళ్ళలో దీనికి ఒక పాఠమే ఉంటుంది. తుఫాను మమ్మల్ని బడికి వెళ్ళకుండా ఆపింది, ఈ మందు నిన్ను బాగుచేస్తుంది, ఏది నిన్ను జపాన్‌కి తెచ్చింది? ఇంగ్లీషులో ఇవన్నీ మామూలు వాక్యాలు. ఆ అమ్మాయి పెన్ను కొరుకుతూ అడిగింది, “తుఫాను ఎలా ఆపుతుంది అక్కా? దానికి చేతులున్నాయా?” (నన్ను ‘ఒనేసాన్’ అంటుంది, మన అక్క లాంటిదే.) నేను ఆ వాక్యాల్ని తెలుగులో చెప్పుకుని చూశాను. తుఫాను వల్ల బడికి వెళ్ళలేకపోయాం. ఈ మందు వేసుకుంటే తగ్గుతుంది. జపాన్ ఎందుకొచ్చావు? తను జపనీస్‌లో చెప్పింది: తుఫాను కారణంగా వెళ్ళలేకపోయాం, ఈ మందు తాగితే సుఖంగా ఉంటుంది, ఎందుకొచ్చావు? రెండూ అచ్చంగా అలాగే కూర్చున్నాయి. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తెలుగుకీ జపనీస్‌కీ చుట్టరికం ఉందని దాన్నిబట్టి చెప్పలేం గానీ, తుఫాను చేతికి పని అప్పజెప్పడానికి రెండూ తటపటాయిస్తాయి. గాలికి తలుపు పడింది అంటాం, గాలి తలుపుని వేసింది అనడం మనకి అంత తేలిగ్గా రాదు. ఇప్పుడు మన పేపర్లలో ‘వర్షం మ్యాచ్‌ని అడ్డుకుంది’ లాంటివి చదివినప్పుడు నాకు ఆ అమ్మాయి ప్రశ్నే గుర్తొస్తుంది. మన వాక్యం మనకి ఉండగా ఎందుకు వదులుకోవాలి?

వాళ్ళకి ఇంకొకటి ఉంది, అది మనకి లేదు. వానలో తడిస్తే ‘అమె ని ఫురరెత’ అంటారు, వాన చేత కురవబడ్డాను అన్నట్టు. వాన తన పని తాను చేసింది, బాధ నాకు తగిలింది అని ఆ క్రియ చెబుతుంది. అనుభవించడానికి ప్రాణమున్న మనిషి ఉండాలి కాబట్టి వాక్యం ఆ మనిషితో మొదలవుతుంది.

అసలు కష్టం నైట్ డ్యూటీలో వచ్చింది. జపనీస్‌లో కర్తని చెప్పరు. మనమూ చెప్పం, కానీ మన క్రియ చెప్పేస్తుంది. ‘తిన్నారు, పడుకున్నారు, పడిపోయింది’ అంటే తిన్నది గౌరవించాల్సిన మనిషనీ, పడింది ఆ మనిషి కాదనీ తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ‘షి’ అనో ‘ఇట్’ అనో అనకుండా వాక్యం కదలదు. జపనీస్‌లో ‘ఒచిత’ అంటే పడింది, పడ్డాడు, పడ్డారు, పడ్డాను, ఏదైనా కావచ్చు. చుట్టూ ఉన్న సందర్భంలోంచి తీసుకోవాలి. అందుకే హోమ్‌లో ఎప్పుడూ పేరు పెట్టి ‘ఫలానా సాన్’ అనే అంటారు. ‘కరె, కనొజొ’ అని అతను, ఆమెలకి మాటలున్నాయి గానీ, ఆ తేడా పాశ్చాత్య పుస్తకాలు అనువదించిన మెయ్‌జి కాలంలో (1868–1912) స్థిరపడింది. పెద్దవాళ్ళని కనొజొ అంటే మర్యాదగా ఉండదు.

రాత్రి రెండున్నరకి 203 నుంచి బెల్లు మోగింది. స్పీకర్లో బామ్మగారి గొంతు వణుకుతోంది: “అనొ కొ గ ఒచిత!” ఆ బిడ్డ పడిపోయింది. పైన బిడ్డలెవరూ ఉండరని ఆలోచించే టైము లేదు. మెట్లన్నీ ఒక్క పరుగులో ఎక్కాను. గదిలో మంచం కింద తెల్లగా ఏదో కదులుతోంది. పారో.

పారో ఒక రోబో. తెల్లటి బొచ్చున్న సీల్ పిల్ల బొమ్మ. 2005 నుంచి అమ్ముతున్నారు, వృద్ధుల హోమ్‌లలో మతిమరుపు ఉన్నవాళ్ళ ఒళ్ళో పెడతారు. నిమిరితే కళ్ళు మూసి తెరుస్తుంది, రెక్కల్లాంటి కాళ్ళు కదుపుతుంది, సన్నగా కూస్తుంది. చార్జర్ నోట్లో పెట్టే పాలపీకలా ఉంటుంది. ఎత్తుకుంటే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ బరువు, సుమారు రెండున్నర కిలోలు. లేబర్ రూములో పనిచేసిన చేతులకి ఆ బరువు తెలుసు. నేల మీద నుంచి తీస్తుంటే నాకు తెలియకుండానే తల కింద చెయ్యి పెట్టాను. బామ్మగారు రెండు చేతులూ చాచి తీసుకుని, వీపు తట్టి, ఎక్కడ తగిలిందో వెతికారు. ‘కొ’ అంటే బిడ్డ. అరు, ఇరు ఆవిడకి ఒకటే అయినా, ఆ ఒక్క మాటతో పారోని ఏ వైపు పెట్టుకున్నారో చెప్పేశారు.

కిందికొచ్చేసరికి నాతో డ్యూటీలో ఉన్న ఫిలిప్పీన్స్ అమ్మాయి ఇంగ్లీషులో “ఈజ్ షి ఓకే?” అంది. బామ్మగారి గురించి అనుకుని ఓకే అన్నాను. “నో, పారో” అంది. అప్పుడు లేబర్ రూము గుర్తొచ్చింది. మా డాక్టర్లు బిడ్డ బయటికి రాగానే ‘ఇట్స్ ఎ గర్ల్’ అనేవాళ్ళు. ఆ ఒక్క వాక్యం తర్వాత నుంచీ ‘షి’. ఇంగ్లీషులో ఆ గీత మాట్లాడేవాళ్ళ చేతిలోనే ఉంటుంది, కుక్కనైనా ఓడనైనా ప్రేమగా ‘షి’ అనొచ్చు. ఓడల వార్తలు రాసే లాయిడ్స్ లిస్ట్ పత్రిక అందరికీ తెలిసేలా ప్రకటించి మరీ 2002లో ఓడల్ని ‘షి’ అనడం మానేసింది.

మర్నాడు పొద్దున్న హియరి హత్తొ రాయాలి. ప్రమాదం తప్పిన ప్రతి సంఘటనకీ రాసే కాగితం అది. ‘పారో ఒకటి మంచం మీద నుంచి పడింది’ అని రాయబోయి ఆగిపోయాను. ఆ ఒకటికి ఏ లెక్క? సామాన్ల రిజిస్టర్‌లో యంత్రాల లెక్క, ‘ఇచిదై’ అని ఉంది. ఫిలిప్పీన్స్ అమ్మాయి ‘ఇప్పికి’ అని రాయమంది. లీడర్ వచ్చి చూసి ‘ఇత్తై’ అని దిద్దారు. ‘తై’ అంటే శరీరం. బొమ్మలకి, బుద్ధ విగ్రహాలకి, మనిషి ఆకారపు రోబోలకి ఆ లెక్క. చనిపోయినవాళ్ళ శరీరాలకి కూడా అదే.

ఆ లెక్క ఎందుకు అలా ఉందో నాకు కద అనే చోట ఉన్న గుడిలో అర్థమైనట్టనిపించింది. వకయమ ప్రిఫెక్చర్‌కి ఉత్తరపు కొసన సముద్రం ఒడ్డున ఉంది ఆ అవషిమ గుడి. మా ఊరి నుంచి రైల్లో చాలాసేపు పడుతుంది. జనం పాత బొమ్మల్ని చెత్తలో పారేయలేక తెచ్చి అక్కడ అప్పజెబుతారు. వేల బొమ్మలు వరండా నిండా మెట్టు మెట్టుగా కూర్చుని ఉంటాయి. మార్చి 3న కొన్నింటిని చెక్క పడవల్లో ఎక్కించి సముద్రంలోకి సాగనంపుతారు. వాడి వాడి విరిగిన సూదులకి కూడా ఈ దేశంలో ఒక రోజుంది. మెత్తటి టోఫులో గుచ్చి, ఇన్నాళ్ళూ గట్టి బట్టలో శ్రమపడ్డావు, ఇప్పుడు మెత్తగా పడుకో అన్నట్టు దణ్ణం పెడతారు. బామ్మగారికి అది చెబితే మొహం వెలిగింది. మా పిన్ని దసరాకి కుట్టు మిషన్‌కి పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, ఆ రోజు దాన్ని తొక్కదని నేనూ చెప్పాను. అంత చేసినా సూదికి జపనీస్‌లో అరిమసే, కుట్టు మిషన్‌కి తెలుగులో ‘ఉంది’యే. దణ్ణం పెట్టడానికి వ్యాకరణం ఒప్పుకోనక్కర్లేదు.

గత చలికాలంలో ఒక సాయంత్రం బామ్మగారి కళ్ళజోడు కనబడలేదు. అది అలవాటే, రోజూ పోతుంది, దిండు కిందో పారో కిందో దొరుకుతుంది. ఆ రోజు వెతికి వెతికి దొరక్కుండానే నా డ్యూటీ అయిపోయింది. మర్నాడు పొద్దున్న మోషిఒకురి, రాత్రి వాళ్ళు పగటి వాళ్ళకి అప్పజెప్పే మీటింగు. సీనియర్ కాగితం చూస్తూ అంది: “203, తెల్లవారుజామున నకునరిమషిత.” కర్త లేదు, ఎప్పటిలాగే. నకునరు అంటే లేకుండా పోవడం. కోచింగ్‌లో పర్సు పోయింది, తాళం పోయింది అని నేర్చుకున్న మాట. నా బుర్రలో ఇంకా కళ్ళజోడే ఉంది. “మళ్ళీనా? నేను వెళ్ళి దిండు కింద చూస్తాను” అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. సీనియర్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు తెలిసింది.

మనుషులకి ఇనయ్ అనే భాష, మనిషి చనిపోతే మాత్రం వస్తువులకి వాడే ‘నయ్’ తీసుకుని నకునరు అంటుంది. రాసేటప్పుడు కంజీ వేరు, చెవికి ఒకటే. ఏడుస్తూ గదికి వెళ్తుంటే దారిలో తట్టింది, మనమూ అంతే కదా. తాళం పోయింది. మా అమ్మమ్మ పోయింది.

వేడినీళ్ళతో ఒళ్ళు తుడిచి, ఆవిడే ఎప్పుడో కుట్టుకుని దాచుకున్న కిమొనో తొడిగాం. కళ్ళజోడు దుప్పటి మడతలో దొరికింది. పారోని కిందికి తీసుకెళ్ళి చార్జింగ్‌లో పెట్టారు. పది గంటలకి కొడుకు వచ్చారు, ఆయనకీ డెబ్భై దగ్గర పడ్డాయి, టోపీ చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే ఆగిపోయారు. లోపలికి చూడకుండా నన్ను అడిగారు.

“ఒకాచాన్, మద అరుకా?”

అమ్మ ఇంకా ఉందా అని. సంతకాల కాగితాలు పక్కన పెట్టి, తలుపు పూర్తిగా తెరిచి పట్టుకున్నాను.

“అరిమస్” అన్నాను. ఉందండి.